కౌన్సిలర్ గంగయ్య గారి త్రీడీ మోరీ

మోరీలు, అంటే మురుగుకాలువలు, తవ్వడం శుద్ధ దండగ! పాఠకులు కోపగించుకోవద్దు. పలుగు, పార, సిమెంటు, కంకర, వీటన్నిటికీ కాలం చెల్లిపోయింది. ఒక మంచి ల్యాప్‌టాప్, అందులో ఒక గేమ్ ఇంజన్ ఉంటే చాలు, వార్డు అభివృద్ధి మొత్తం మధ్యాహ్న భోజనంలోపే పూర్తయిపోతుంది. నమ్మకం కుదరకపోతే కౌన్సిలర్ గంగయ్య సంగతి వినండి.

కరీంనగర్ దిక్కున ఒక చిన్న మున్సిపాలిటీలో గంగయ్యది మరమగ్గాల వార్డు. వాన పడితే వీధి నీళ్లన్నీ శంకరవ్వ మగ్గాల షెడ్డులోకి చేరతాయి. నూలు నానిపోతుంది, మోటార్లు ఆగిపోతాయి. ఇంకొక్కసారి మునిగితే మగ్గాలు పాత ఇనుపసామాను వాడికి వేయాల్సిందే. అందుకే ఆమె కనబడినప్పుడల్లా "మోరీ ఎప్పుడు కట్టిస్తవు గంగయ్యా?" అంటుంది. కౌన్సిలర్ అన్నాక ఎంతని తప్పించుకు తిరుగుతాడు? పైగా ఎన్నికలు వస్తున్నాయి!

సరిగ్గా అప్పుడే దేవుడు పంపినట్టు నవీన సెలవులకు వచ్చింది. ఆ వీధి పిల్లే, హైదరాబాదులో వీడియో గేమ్‌లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. వీధినంతా కొలిచి, మోరీతో సహా గేమ్ ఇంజన్‌లో త్రీడీగా కట్టి చూపిస్తానంది. గంగయ్య ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"గీ ఇంజన్ ఏం జేస్తది బిడ్డా?"

"మనం ఇండ్లు, గోడలు, రోడ్డు కొలతలిస్తం కాకా. వెలుగు ఎటుకెల్లి పడాలె, నీడ ఎటు పోవాలె, కెమెరా తిప్పితే ఏం కనవడాలె, గదంత ఎప్పటికప్పుడు లెక్కజేసి బొమ్మ గీస్తది. గనీ నువ్వు చూసే దిక్కే గీస్తది. నీ వెనకాల ఏం గీయది. ఉత్తగ మెహనత్ ఎందుకని."

గంగయ్యకు కళ్లు చెమర్చాయి. చూసే దిక్కే పని చేయడం! పెద్దసార్ల కారు వచ్చే రోడ్డుకు మాత్రమే సున్నం కొట్టించి, ఇన్నేళ్లు తానేదో తప్పు చేస్తున్నానని లోలోపల కుమిలిపోయాడు పాపం. అది తప్పు కాదు, టెక్నాలజీ!

ఇంకా ఉంది. దూరంగా ఉన్న మనుషులను ఇంజన్ కళ్లూ ముక్కూ లేకుండా మొద్దుగా గీస్తుందట. దగ్గరికొచ్చిన కొద్దీ ఒక్కో వివరం పెంచుతుందట. ఎన్నికలు దూరంగా ఉన్నప్పుడు ఓటర్లు తనకు మసకగా కనిపించడం, దగ్గర పడ్డాక ఇంటిపేరుతో సహా గుర్తుకు రావడం ఎందుకో గంగయ్యకు ఇన్నాళ్లకు బోధపడింది. తన బుర్రలో కూడా అలాంటి ఇంజనే ఉందని తేలాక ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"గట్లయితే ధర్మపురి కాడి గోదారిని మన బస్టాండ్ దాంక తేవచ్చునా?"

"ఒక్క పూట పని కాకా."

ఇక చూసుకోండి! ఆదివారం పొద్దున కమ్యూనిటీ హాల్లో ప్రొజెక్టర్ పెట్టారు. గోడంత మోరీ! అందులో దోమ లేదు, పంది లేదు, వాసన అసలే లేదు. గంగయ్య మైకు పట్టుకుని ఉపన్యాసం దంచాడు. తవ్వకం లేదు, దుమ్ము లేదు, కరెంటు పోతే మోరీ పోతుందే తప్ప పూడిక తీసే బాధ లేదు! "గీ మోరీకి, అసలు మోరీకి ఫరక్ ఏమున్నది? కండ్లకు కనవడుతున్నది కదా! ఇగ మీకు ఏ ఫికరూ లేదు!" అని బల్ల గుద్ది చెప్పాడు.

"సక్కగనే ఉన్నది," అంది ముందు వరసలో కూర్చున్న శంకరవ్వ. "జర వాన కొట్టించు, సూద్దాం."

"నీళ్లు కిందికి పారాలంటే గిక్కడ టిక్కు పెట్టాలె అవ్వా," అని నవీన మౌసు నొక్కింది.

వాన మొదలైంది. నీళ్లు మోరీలో బుద్ధిగా పారుతూ వచ్చి వీధి చివర ఆకుపచ్చ రంగు ప్రహరీగోడకు తగిలి ఆగాయి. పైకి లేచాయి. పక్కకు తిరిగి శంకరవ్వ షెడ్డులోకి దూరాయి. ఆ గోడ గంగయ్య పోయినేడు రోడ్డు మీదికి జరిపి కట్టుకున్నదే.

"అచ్చం మొన్నటి వాన లెక్కనే!" అన్నారు హాల్లో జనం.

"గిదేంది బిడ్డా?" అన్నాడు గంగయ్య.

"నేనేం జెయ్యలే కాకా. కొలతలు ఉన్నయి ఉన్నట్టు పెట్టిన."

ఆ టిక్కేదో తీసేస్తే నీళ్లు పారడం మానేస్తాయి కదా! గంగయ్య మైకు వదిలేసి మౌసు లాక్కున్నాడు. కంగారులో ఎక్కడో నొక్కాడు, ఇంకేదో మీట కూడా నొక్కాడు. ఆకుపచ్చ గోడ మాయమైంది. ఆగిన నీళ్లు బిరబిరా సాగి ఊరవతలి వాగులో కలిసిపోయాయి. షెడ్డు పొడిగా మిగిలింది.

హాలు చప్పట్లతో మోగిపోయింది. "కౌన్సిలర్ సాబ్ తన గోడ తనే తీసేసిండు! జిందాబాద్!" అని వెనక నుంచి ఈలలు. పదవిలోకి వచ్చాక ఆయన చేసిన మొదటి మంచిపని అదే మరి!

గంగయ్య మౌసు వదిలేశాడు. మళ్లీ మైకు అందుకుని గావుకేక పెట్టాడు.

"ఏయ్, ఆగుండ్రి! గది ఉత్త బొమ్మ! బొమ్మను సూసి చప్పట్లు కొడుతరా? బొమ్మను నమ్ముతరా ఎవలన్న?"

చప్పట్లు ఆగిపోయాయి. శంకరవ్వ కొంగు నడుముకు దోపుకుని మెల్లగా లేచి నిలబడింది.

"నమ్మం గంగయ్యా. అసలు మోరీ ఏది మరి?"