కిలకిల మూతి బిగించిన వైనము

సూర్యభగవానుడు పడమటి మేడల వెనుకకు ఒరుగుచు, ఎండను గోడలపై నుండి మెల్లగా దించుకొనుచున్న వేళ, జిరాక్సు దుకాణమునకును మందుల దుకాణమునకును నడుమ ఇరుకున వెలసిన ఫొటో స్టూడియో యను రణరంగమున, సరిగా నాలుగు గంటల ఇరువది నిమిషములకు, పదహారేండ్ల వీరకన్య యొకతె ఇనుప స్టూలును అధిష్ఠించెను. ఇంట ఆమె ముద్దుపేరు కిలకిల. నవ్వు ఆపుమనినచో ఆమెకు మరింత వచ్చును.

ఆ కన్య పరదేశమున చదువ సంకల్పించెను. ఆ ప్రాయమున అట్టి సాహసమునకు మార్గములు మూడని తండ్రి కరపత్రములు పోగుచేసి తేల్చెను: వేసవి భాషాశిబిరము, హాస్టలుతో కూడిన బడి, ముక్కూ మొహమూ తెలియని వారింట వారి బిడ్డవలె ఒక యేడాది వసించి అక్కడి బడికి పోవుట. మొదటిది నెలరోజుల ముచ్చటయనియు, రెండవది జైలనియు తోసిపుచ్చి కిలకిల మూడవదానికి మొండిపట్టు పట్టగా, ఆరు నెలలకు తలిదండ్రులు ఊఁ కొట్టిరి. దరఖాస్తు గడువు నేటి సాయంత్రము ఐదింటితో సరి. వచ్చే యేటికి ఆమెకు వయసు మీరును.

అన్ని గడులును నిండినవి, ఫొటో గడి తప్ప. ఆ గడికి కావలి కాయు కంప్యూటరు, చెవులు రెండును కనబడవలెననియు, నవ్వు లేశమాత్రమును పనికిరాదనియు శాసించి, ఉదయము నుండి మూడు ఫొటోలను తిప్పికొట్టెను. పరాయి ఇంట యేడాది నెట్టుకురాగల బిడ్డను ఎంచుటకు ఇంతకన్న ఘనమైన పరీక్షను ఏ మహామేధావి కనిపెట్టగలడు!

"పళ్ళు కనపడ్డాయంటే నీ ప్రయాణం గోవిందా," అని వెంట వచ్చిన అమ్మ యుద్ధనీతి బోధించెను.

నెరసిన మీసముల ఫొటోగ్రాఫరు కెమెరాను ఎక్కుపెట్టెను. కిలకిల దవడలు బిగించెను. వ్రేలు మీటను తాకునంతలో, ముప్పది యేండ్ల అలవాటు ఆ వీరుని నోట తనంత తానే పలికెను: "కొంచెం నవ్వమ్మా!"

కిలకిల పకపకలాడెను.

"నవ్వొద్దనే కదయ్యా మేమొచ్చింది!" అని అమ్మ గర్జించెను.

"నోరు జారిందమ్మా," అని అతడు చెంపలు వేసుకొని, రెండవమారు "కొంచెం న..." అని నాలుక కరచుకొనెను. మూడవమారు చేతిరుమాలుతో తన నోటిని తానే కట్టుకొనగా, ఆ అవతారమును గాంచి కిలకిల స్టూలు మీదనుండి కూలెను. అంతట అతడు కట్టు విప్పి ఆక్రోశించెను: "ముప్పై ఏళ్ళుగా ఈ స్టూలెక్కిన ఏ మొహాన్నీ నవ్వించకుండా పంపలేదమ్మా! పరీక్ష తప్పినోళ్ళని నవ్వించా, పన్ను నొప్పితో వచ్చినోళ్ళని నవ్వించా! ఇవాళ ఒక మిషను కోసం నా విద్య మర్చిపోమంటారా?"

గడియారము నాలుగు నలుబది ఎనిమిది చూపెను.

"అమ్మా, ఇంకొక్కసారి. ప్లీజ్," అని కిలకిల మరల స్టూలెక్కెను. ఊఁ కొట్టిన నాటినుండి ధైర్యవచనములే తప్ప మరొకటి పలుకని అమ్మ, బిడ్డ జుట్టును చెవుల వెనుకకు దోపుచు, గొంతు తగ్గించెను.

"ఏడాదెంతలే, ఇట్టే అయిపోతుందని మీ నాన్నతో నేనే అన్నాను. కానీ నువ్వెళ్ళాక ఇంట్లో ఎవరు నవ్వుతారే? మా ఇద్దరికీ అంత చేతకాదు."

ఆరు నెలలుగా తాను పోవు ఇంటిని గూర్చియే తలపోసిన కిలకిలకు, తాను విడుచు ఇల్లు అప్పుడు తోచెను. పెదవులు వాటంతట అవే మూతపడెను. నోటికి మరల రుమాలు కట్టుకొని సిద్ధముగనున్న ఫొటోగ్రాఫరు మీట నొక్కెను.

నాలుగు యేబది యేడుకు, స్టూడియో కంప్యూటరుపై "ఫొటో సరిపోయింది, దరఖాస్తు అందింది" అను విజయవాక్యము వెలసెను. ఓ లోకులారా, వినుడు! వెడల్పు ముప్పది ఐదు, ఎత్తు నలుబది ఐదు మిల్లీమీటర్ల మహాసామ్రాజ్యము జయింపబడెను!

తెరపై ఆ గంభీరవదనము వెలుగుచుండగా, దాని క్రింది గడిలో, బిడ్డ స్వభావమును ఒక్క వాక్యమున తెలుపుడను ప్రశ్నకు తండ్రి ఏనాడో వ్రాసిన జవాబు కనబడెను: "మా అమ్మాయి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది."

అది చదివి మొదట పకపక నవ్వినది అమ్మ. కిలకిల మాత్రము, కొత్తగా పట్టుబడిన విద్య కాబోలు, మూతి బిగించుకొనియే అమ్మ చేయి పట్టుకొనెను.