గాలి కాదు, గ్యాసే!

కారులో ఏసీ బాగా పనిచేసేవాళ్లంత దురదృష్టవంతులు ఈ లోకంలో ఇంకెవరూ లేరని నా గట్టి నమ్మకం. నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ఏసీ బాగుంటే ఏమవుతుంది? అద్దాలు ఎత్తుకుంటారు, చల్లగా కూర్చుంటారు, దిగి వెళ్లిపోతారు. అంతే కదా! మధ్యలో మిమ్మల్ని పలకరించే నాథుడుంటాడా?

అదే నా కారు చూడండి. మా పెద్దాడు పుట్టకముందు కొన్నది. దాని ఏసీ నీరసించిన దగ్గర్నుంచి నేను ముఖ్యమైన మనిషినైపోయాను. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, పక్క స్కూటరాయన హెల్మెట్ తీసి మరీ నా చెమటలు చూసి, "గ్యాస్ అయిపోయుంటుంది సార్" అంటాడు. పన్ను చూపించుకుందామని డెంటిస్టు దగ్గరికెళ్తే, నా చొక్కా చూసి ఆయనా అదే మాట. కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నంతసేపూ కంప్రెసర్ గురించి చెప్పాడు. పన్ను ఇంకా నొప్పిగానే ఉంది.

ఆఫీసులో నా గౌరవం అడక్కండి. ఇంటి నుంచి కారులో వచ్చేసరికే నేను బావిలో పడి లేచినట్టుంటాను. మా మేనేజరు పాపం, పనిచేసి చేసి ఇలా అయిపోయాననుకుని, నేనింకా కంప్యూటర్ ఆన్ చెయ్యకముందే "కాస్త రెస్టు తీసుకోవయ్యా" అంటాడు. కొత్త కారున్నవాడికి ఈ మర్యాద దక్కుతుందా?

వీటన్నిటికన్నా గొప్ప లాభం కుటుంబ ఐక్యత. మా నాన్నగారికీ మా అక్కయ్య భర్తకీ, అంటే మా బావగారికీ, చాలాకాలంగా మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తులేదు. ఏసీ పుణ్యమా అని కలిసిపోయారు! ఇప్పుడు శని, ఆదివారాలు తెల్లారేసరికి బావగారు మా ఇంట్లో దిగుతారు. నాన్నగారు జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి ఏసీ రంధ్రంలో పెడతారు. కాలేజీలో జాగ్రఫీ చెప్పే బావగారు డాష్‌బోర్డుకి చెవి ఆనించి కళ్లు మూసుకుంటారు.

"వేడి చేసింది" అంటారు నాన్నగారు.

"గ్యాస్" అంటారు బావగారు.

రెండూ మనుషులకొచ్చే జబ్బులే కాబట్టి, కారు కూడా మా ఇంటి మనిషైపోయిందని నాకు మహా సంతోషంగా ఉండేది.

ఇంత సందట్లోనూ కలవనిది ఒక్క మా ఆవిడే. "ఏమండీ, గాలి రావట్లేదు" అంది మొదటి రోజే.

"అవును, చల్లగా లేదు" అన్నాను.

"చల్లగా లేదనట్లేదు. వచ్చే కాస్తా చల్లగానే వస్తోంది. అసలు గాలే రావట్లేదంటున్నాను."

రెండూ ఒకటే కదండీ! ఇంత చిన్న తేడా పట్టుకుని వేలాడితే సంసారాలు సాగుతాయా? ఇద్దరం వెళ్లి కారు చూపించిన మెకానిక్ మర్యాదస్థుడు. పక్కనే నిలబడి చెబుతున్న ఆవిణ్ణి వదిలేసి, ఏమిటి ప్రాబ్లమని నన్నడిగాడు. గ్యాసన్నాను. ఉన్నది తీసేసి కొత్తది పట్టించాడు. తగ్గలేదు. మళ్లీ తీసి మళ్లీ పట్టించాడు. ఇప్పుడు మా కారు పక్కన ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే బావగారు ఒప్పుకోరు.

"అన్నయ్యగారూ, డాష్‌బోర్డు అర వెనకాల ఫిల్టర్ ఉంటుందిట. దుమ్ముపట్టి గాలికి అడ్డం పడిందేమో, ఓసారి చూడండి" అంది మా ఆవిడ, బావగారితో.

బావగారు పెద్దమనసుతో నవ్వారు. "ఫిల్టర్లు నీళ్లకుంటాయమ్మా, గాలికెందుకు?"

"అమ్మాయికి వేడి చేసినట్టుంది" అన్నారు నాన్నగారు.

ఆ మాటతో ఆవిడ, ఇక ఈ కారెక్కేది లేదని చెప్పి, వాళ్లక్కయ్య ఇంటికి బస్సులో వెళ్లిపోయింది. వెళ్లేముందు కాసేపు కారులో కూర్చుని ఏదో ఊడదీసింది. అట్టలాంటిదొకటి తెచ్చి భోజనాల బల్ల మీద, సరిగ్గా నా కంచం పెట్టుకునే చోట పెట్టింది. దాన్నిండా ఎండుటాకులు, వెంట్రుకలు, చచ్చిన ఈగలు. నాన్నగారు ముక్కు మూసుకుని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశారు.

మర్నాడు ఆదివారం. కారు స్టార్ట్ చేసి ఏసీ వేశాను. ఆ విసురుకి నాన్నగారి కళ్లజోడు ముక్కు మీంచి జారింది. బావగారు చెవులకి రుమాలు కట్టుకుని, పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నారు.

వెంటనే సమావేశం జరిగింది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటి? ఇంట్లో ఒక మనిషి తగ్గింది. బరువు తగ్గేసరికి ఇంజనుకి ఊపిరాడింది, దాంతో ఏసీకి బలమొచ్చింది. కాబట్టి లోపం కారుది కాదు, మా ఆవిడది. చేతులెత్తమంటే ఇద్దరూ ఎత్తారు. ఏకగ్రీవం కాకపోతే బాగుండదని నేనూ ఎత్తాను.

నిజం చెప్పొద్దూ, ఇంత చల్లటి కారులో ఒక్కణ్ణే తిరుగుతుంటే నాకేమీ బాగాలేదు. పక్క సీటు వైపున్న గాలి ఊరికే వెనక్కి పోతోంది. ఆవిడకి ఫోన్ చేస్తూనే ఉన్నాను. శుభ్రంగా మోగుతోంది, ఎత్తడం లేదు.

ఏం చెయ్యమంటారని బావగారిని అడిగాను. నేనింకా పూర్తిగా చెప్పకముందే ఆయన తేల్చేశారు, అక్కడ సిగ్నల్ వీకట.