అయ్యగారికి సోమవారం రెస్టు

దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజున విశ్రమించగలిగాడంటే అందుకు ఒకటే కారణం: ఆయనకు సంఘ కమిటీ లేదు. ఉండి ఉంటే ఏడో రోజున ఉపవాస కూడిక పెట్టి, వాక్యం కూడా ఆయన్నే చెప్పమనేవారు.

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు సంఘానికి కమిటీ ఉంది. ఎనభై ఏడులో అది చేపట్టిన మహత్కార్యాన్ని ఇక్కడ సవినయంగా మనవి చేస్తున్నాను. (చరిత్రకెక్కాల్సిన విషయం. ఎవరూ ఎక్కించకపోతే నేనేం చెయ్యను?)

అప్పటి మా పాస్టరు సమూయేలు అయ్యగారు. ఆదివారం రెండు ఆరాధనలు. తక్కిన రోజుల్లో ఖరిదాలో గృహ కూడికలు, ఝపటాపూర్‌లో రోగుల పరామర్శ, మధ్యలో ఎవరింట్లో మొగుడూ పెళ్లాలు అలిగినా అయ్యగారే వెళ్లాలి. ఒకరోజు పూరీ గేట్ దగ్గర రైలు పోయేదాకా ఆగి, సైకిలు హేండిలు పట్టుకుని నిలబడే నిద్రపోయారు. గేటు తీసినా కదల్లేదు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఎలీసమ్మగారు అది చూసి, అయ్యగారు నడిరోడ్డు మీద కూడా ప్రార్థనలోనే ఉన్నారని సంఘమంతటికీ సాక్ష్యం చెప్పింది. డాక్టర్‌బాబు మాత్రం గుండె పరీక్ష చేసి, వారానికి ఒక రోజు పూర్తిగా పడుకోకపోతే మనిషి దక్కడన్నాడు.

అయ్యగారి భార్య స్వర్ణకుమారమ్మగారు కమిటీ ముందుకొచ్చి, సోమవారం ఒక్కటి వదిలెయ్యమని అడిగింది. "ఆయనకేటైనా అయితే నానేటయిపోవాలి బాబూ" అంది. కమిటీ వారంతా కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని నిబంధనల్లోకి దిగారు.

కార్యదర్శి విల్‌ఫ్రెడ్‌గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. "రిలీవరు రాకండా బండి దిగిపోడానికి రూలు నేదమ్మా. అయ్యగారు దిగిపోతే సంఘాన్ని ఎవుడు నడుపుతాడు?" అన్నారు.

"దేవుడు నడపడేటి?"

"ఆయన స్టాఫ్ కాదు కదమ్మా."

చివరికి రెస్టు మంజూరైంది, రైల్వే పద్ధతిలో. రెస్టు మొదలైనట్టు మనిషికి తెలియజేయాలి. తీసుకుంటున్నట్టు పెద్దలు వచ్చి కళ్లారా చూడాలి. తెలియజేసే పని లోకో షెడ్డులో దేముడనే కాల్‌బాయ్‌కి అప్పగించారు. డ్యూటీ వేళకు డ్రైవర్ల ఇళ్లకెళ్లి లేపడం అతని ఉద్యోగం. (వయసు యాభై దాటింది, రైల్వేలో కాల్‌బాయ్‌లు పెద్దవాళ్లు కారు. మన మతం కూడా కాదు. అయినా మనుషుల్ని లేపడంలో అతను మతభేదం పాటించడు.)

సోమవారం ఇంకా తెల్లవారకుండానే తలుపు కొట్టాడు.

"అయ్యగారూ, లెగండి. మీ రెస్టు సురువైపోనాది."

"తొంగునే ఉన్నాను కదేటి దేముడూ."

"అలగంటే ఎలగండి? నిద్దర్లో ఉన్నోడికి రెస్టిచ్చినట్టు ఏటి రుజువు? ఓపాలి లెగిసి, మల్లీ తొంగోండి."

లేచారు. ఈలోగా చూసిపోవడానికి పెద్దలు వచ్చారు. ఎలాగూ వచ్చాం కదా అని ఒక్కొక్కరూ ఒక చిన్న ప్రార్థన అడిగారు. "మీరు లెగొద్దు అయ్యగారూ, తొంగునే సేసీండి" అన్నారు, ఎంతో దయగా. తర్వాత ఎలీసమ్మగారు స్త్రీల సమాజాన్ని డోలక్‌తో సహా వెంటబెట్టుకొచ్చి, అయ్యగారికి మంచి నిద్ర పట్టాలని మంచం చుట్టూ కూర్చుని పాటలు పాడించింది. వచ్చినవాళ్లందరికీ స్వర్ణకుమారమ్మగారు టీ పెట్టింది. మధ్యాహ్నానికి ఇంట్లో పంచదారా, ఆవిడలో ఓపికా ఒకేసారి అయిపోయాయి.

"మీరందరూ ఎల్లిపోతే ఆయన తొంగుంటారు" అంది.

పాపం అలిసిపోయింది, ఈవిడకి కూడా ఒక ఉపసంఘం వేయాలని పెద్దలు వీధిలో నిలబడి అనుకున్నారు.

మొదటి రెస్టు జయప్రదంగా ముగిసినందుకు సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెట్టారు. వాక్యం చెప్పే వర్తమానికుడు అయ్యగారే. అంశం, విశ్రాంతి. ఆయన లేచి, "విశ్రాంతి అనగా" అని ఆగి, పుల్పిట్ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. వెనక బెంచీల్లోంచి ఎవరో ఆమేన్ అన్నారు.

ఆస్పత్రిలో ప్రాణం దక్కింది. వార్డు గుమ్మంలో ఒక నర్సు దీదీ నిలబడి, విల్‌ఫ్రెడ్‌గారితో సహా ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. అయ్యగారు రాత్రీ పగలూ నిద్రపోయారు. వరండా బెంచీ మీద స్వర్ణకుమారమ్మగారు కూడా నిద్రపోయింది. ఆ దీదీని చూస్తే, నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో మా అయ్యగారి కోసం తలుపు మూసిన మొదటి మనిషి ఆవిడే.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఆస్పత్రిలో పడుకున్నదంతా రాబోయే సోమవారాల కింద జమ కట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇక ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారని అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయ్యగారి కోసం ఆస్పత్రికి రిక్షా పంపారు.