గునుగు పూలకు అంటని రంగు

పొద్దున పదకొండింటికి కాలుష్యం చూసే ఆఫీసు నుంచి సృజన మేడం వస్తుందని పర్శరాములు తెల్లారకముందే గడ్డం గీసుకున్నాడు. సిరిసిల్ల శివారులో అతనిది చిన్న నూలు అద్దకం షెడ్డు. రంగునీళ్లు కాలువలో వదిలినందుకు రెండు నెలల కింద నోటీసొచ్చింది. ఇవాళ నీళ్లలో రంగు కనిపిస్తే షెడ్డుకు తాళమే. అందుకే రంగునీళ్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పారేలా మూడు గుంతలు తవ్వించి, మొదటి దాంట్లో రంగును తినే బ్యాక్టీరియాను, మిగతా రెండింట్లో గుర్రపుడెక్క మొక్కలను పెంచాడు. మూడో గుంతలో నీళ్లు తేటగా ఉన్నాయి. అతను నిశ్చింతగా మేడంకు సమోసాలు తేవడానికి బజారుకు పోయాడు.

అతను అటు పోగానే పక్కింటి చంద్రవ్వ బకెట్‌తో వచ్చింది. బతుకమ్మకు తెల్లటి గునుగు పూలను రంగులో ముంచుకోవడానికి ఏటా ఈ షెడ్డు రంగునీళ్లే వాడకట్టు ఆడవాళ్లందరికీ దిక్కు. పర్శరాములు తల్లి ఐలవ్వ, గుంతల్లోవన్నీ రంగునీళ్లే అనుకుని, మూడో గుంతలోంచి బకెట్ నిండా ముంచి ఇచ్చింది. అరగంటకు చంద్రవ్వ ఫోన్ చేసింది.

"ఏం నీళ్లిచ్చినవక్కా? ఎంతసేపు ముంచినా పూలు తెల్లగనే ఉన్నయ్. నీ కొడుకు రంగు దాసుకుంటుండా?"

ఐలవ్వకు తల కొట్టేసినట్టయింది. ఇంకా పదిమంది ఆడవాళ్లు వస్తారు, ఇంటి పరువేం కావాలి? షెడ్డులోంచి ఎర్రరంగు డబ్బా తెచ్చి మూడో గుంతలో బోర్లించింది.

సమోసాలతో తిరిగొచ్చిన పర్శరాములు గుంతను చూసి తల్లిని కేకేశాడు.

"అవ్వా, ఏం జేసినవే?"

"నీ పరువు నిలబెట్టిన కొడుకా."

తిట్టడానికి కూడా టైం లేదు. మోటారు పెట్టి ఎర్రనీళ్లన్నీ మొదటి గుంతలోకి తోడి, మూడో గుంతను నల్లా పైపుతో నింపాడు. పైపు చుట్టేలోగా జీపు వచ్చి ఆగింది.

సృజన గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేసింది. నీళ్లు పసుపెక్కాయి.

"క్లోరిన్ ఉన్నది. ఇవి నల్లా నీళ్లు. నన్ను మోసం చేద్దామనుకున్నరా?"

ఆమె నోటీసు పుస్తకం తెరిచింది.

అప్పుడే చంద్రవ్వ బకెట్ తెచ్చి ఇద్దరి మధ్యా దబ్బున పెట్టింది.

"మేడం, మీరే న్యాయం చెప్పుండ్రి. పొద్దుగాల గీ గుంతల నీళ్లే ఇచ్చిండ్రు. జర సూడుండ్రి, సుక్క రంగున్నదా? ఏటా ఇచ్చేటోళ్లు గిప్పుడు పిసినారులైండ్రు."

బకెట్‌లో గుర్రపుడెక్క వేరు తునక తేలుతోంది. సృజన ఆ నీళ్లకు కూడా పరీక్ష చేసింది. క్లోరిన్ లేదు, రంగూ లేదు. ఎర్రడబ్బా సంగతి ఐలవ్వ తనే ఒప్పుకుంది. సృజన నవ్వాపుకుంటూ బకెట్ నీళ్లను సీసాలో పట్టి సీలు వేసింది.

"షెడ్డు నడుపుకోండి. నల్లా పైపు మాత్రం ముట్టకండి."

రిపోర్టులో రంగు అన్నచోట 'లేదు' అని రాసింది. కింద సాక్షి సంతకం చంద్రవ్వ చేసింది, పిసినారితనం మీద కేసు రాశారనుకుని.