ఇది దేని లైను?

ఆ రోజు జమున పొద్దున అయిదింటికే లేచింది. చేయాల్సినవి మూడే పనులు. భర్త కిషన్‌కు సద్ది కట్టి ఫస్టు షిఫ్టుకు పంపడం, కూతురు హర్షిణికి జడలు వేసి బడికి పంపడం, ఆ తర్వాత బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీ జనం మీద ఒక ప్రయోగం చేయడం. మొదటి రెండూ ఏళ్ళ తరబడి చేస్తున్నవే. మూడోది గంటలో అయిపోతుందని పుస్తకంలో రాసి ఉంది.

పెళ్ళయ్యాక ఇంటర్ రాసి, దూరవిద్యలో బి.ఎ. కట్టి, పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్క పేపరూ గట్టెక్కించిన మనిషి ఆమె. ఇక మిగిలింది సామాజిక మనోవిజ్ఞానం ఒక్కటే. ఒకసారి జ్వరం వచ్చి, మరోసారి పరీక్ష రోజునే అత్తగారి పెద్దకర్మ పడి అది రెండుసార్లు తప్పిపోయింది. ఈసారి పరీక్ష రాసింది. దానితోపాటు ఒక ప్రయోగం చేసి నివేదిక ఇవ్వాలన్న ఉత్తరం మాత్రం ఎక్కడెక్కడో తిరిగి నిన్న సాయంత్రం ఇల్లు చేరింది. ఆఖరి గడువు ఇవాళ నాలుగింటికి, గోదావరిఖని స్టడీ సెంటర్లో. ఇవ్వకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. కాలనీ బడిలో ఒక టీచరు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఈ జూన్ నెలలో డిగ్రీ పాసైన కాగితం తెస్తే అది నీదేనని హెడ్‌మాస్టరు మాట ఇచ్చాడు. ఆయన మాట మీద నిలబడే మనిషే గానీ, జూన్ నెల ఎవరి కోసమూ ఆగేది కాదు.

"గిదేం చదువే," అన్నాడు కిషన్ టిఫిను డబ్బా అందుకుంటూ. "చెప్పులు వరుసగ పెట్టి కూసునుడు కూడా చదువేనా?"

"పుస్తకంల ఉన్నది. ఏం జెయ్యాల్నో తెల్వనప్పుడు మనిషి పక్కోన్ని చూసి చేస్తడట. అది నిజమా కాదా అని చూడాలె. ఇరవై మంది చాలు."

"మనోళ్ళు గంత ఎడ్డోళ్ళు గాదు," అని కిషన్ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కాలనీ మర్యాద తెలియనివారికి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గ్యాసు బండి వచ్చినా, రేషను వచ్చినా, మరేం వచ్చినా అక్కడ మనుషులు లైనులో నిలబడరు. చెప్పులు నిలబడతాయి. చెప్పులు లేకపోతే ఇటుక, ఇటుక దొరక్కపోతే చినిగిన సంచి. వాటిని వరుసలో పెట్టి ఆడవాళ్ళు ఇంటికెళ్ళి కూర వండుకుంటారు, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మగవాళ్ళు పడుకుంటారు. మనిషిని నెట్టి ముందుకు పోయేవాడు కూడా చెప్పును జరపడు. జరిపినవాడితో కాలనీలో ఎవరూ నెల రోజులు మాట్లాడరు. జమున నమ్మకమంతా ఈ మర్యాద మీదే.

ఎనిమిది గంటలకు ఆమె కమ్యూనిటీ హాలు పక్కన, మూడేళ్ళుగా తెరవని కిటికీ ముందు మూడు జతల చెప్పులు పెట్టింది. తనది, కిషన్ పాతది, హర్షిణిది. ఎదురుగా గోడ నీడలో నోటుపుస్తకం విప్పుకుని కూర్చుంది. పేరు, క్వార్టరు నంబరు, ఎందుకు నిలబడ్డారు అని మూడు గళ్ళు గీసింది.

మొదట వచ్చింది పోశవ్వ. భర్త బొగ్గుబాయిలో పనిచేసి చనిపోయాక కొడుకు క్వార్టరులో ఉంటున్న ముసలావిడ. పాల గిన్నె పట్టుకుని పోతున్నదల్లా చెప్పుల దగ్గర ఆగింది.

"ఏంది జమునా, దేని లైను గిది?"

"నాకు తెల్వదవ్వా," అంది జమున. ప్రయోగం చేసేవాళ్ళు ఏమీ చెప్పకూడదని నియమం. పైగా అది అబద్ధమూ కాదు.

"తెల్వకుంటనే మూడు జతలు పెట్టినవా?" అని పోశవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. పాల గిన్నె గోడ మీద పెట్టి, కాలి చెప్పులు విడిచి నాలుగో స్థానంలో సర్దింది. పేరు రాసుకుని, ఎందుకు పెట్టావని జమున అడిగితే, "ఇల్లు ఉరుస్తున్నది గద బిడ్డా. రిపేరుకు రాసుకునేది గిదే గావచ్చు," అంది.

తర్వాత పంపు ఆపరేటరు నర్సింగం వచ్చాడు. గ్యాసు కోసమని ఒక ఇటుక పెట్టాడు. సారలమ్మ పిల్లల యూనిఫాం బట్ట కోసమని సంచి పెట్టింది. ఒకరు క్వార్టరు మార్పు కోసం, ఒకరు నల్లా కోసం, ఒకరు కొడుకు ఉద్యోగం ఫారం కోసం పెట్టారు. దేని లైనో తెలియదని మాత్రం ఒక్కరూ అనలేదు. ఎవరికి ఏది కరువైందో వాళ్ళకు అది ఆ కిటికీలో కనిపించింది. తొమ్మిదిన్నరకల్లా ఇరవై పేర్లు నిండాయి. జమున సంతోషం పట్టలేకపోయింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తన కళ్ళ ముందు జరిగింది. ఇంటికి పోయి శుభ్రంగా రాసుకుని పన్నెండు గంటల బస్సు ఎక్కడమే తరువాయి.

ప్రయోగం ఎలా మొదలుపెట్టాలో పుస్తకంలో వివరంగా ఉంది. ఎలా ఆపాలో ఎవరూ రాయలేదు. జమున లేచి తన చెప్పులు తొడుక్కోబోయింది.

"అరె, ఏడికి?" అన్నాడు నర్సింగం. "మొదటి నంబరు తీసేస్తే ముందు ఎవరిది?"

"ఇంకెవరిది, నాదే," అంది పోశవ్వ.

"ఆమె మూడు జతలు తీస్తే మూడు జాగలు ఖాళీ అయితయి. వాటికి మళ్ళ కొత్తగ లైను కట్టాలె," అంది చివర నిలబడ్డ ఒకామె. ఆ మాట చివర ఉన్నవాళ్ళందరికీ న్యాయంగా తోచింది. ముందున్నవాళ్ళకు ఎంతమాత్రం తోచలేదు. రెండు నిమిషాల్లో గొంతులు లేచాయి. గొంతులు వినపడగానే నాలుగు వీధుల నుంచి జనం చెప్పులు చేత పట్టుకుని పరుగున వచ్చారు. ఇంత కొట్లాట జరుగుతోందంటే లోపల ఇచ్చేది చిన్న వస్తువై ఉండదు కదా.

 ఇక నిజం చెప్పక తప్పదనుకుని జమున గోడ మీదికి ఎక్కింది. "గీ కిటికీల ఏం లేదు. నా పరీక్షకోసమని నేనే ఉత్తగ చెప్పులు పెట్టిన. అందరు ఇండ్లకు పొండ్రి."

 పోశవ్వ తల అడ్డంగా ఊపింది. "ఒకటో నంబరు నీదే, రెండో నంబరు నీదే, మూడో నంబరు నీదే. మమ్ముల పొమ్మంటున్నవు. మంచిగనే ఉన్నది బిడ్డా."

"నేను తీసేస్తనంటే మీరే తియ్యనియ్యకపోతిరి గదవ్వా."

"లైను మీద కోపం రావద్దు. ఓపిక పట్టు," అని నర్సింగం ఆమెకు ధైర్యం చెప్పాడు. తగువు తీరాలంటే అందరి పేర్లూ వరుసగా రాసెయ్యమని అందరూ కలిసి తీర్పు ఇచ్చారు. రాసేది జమునే. పొద్దుటి నుంచి రాస్తున్నది ఆమే కదా. నిజం చెప్పక ముందు పుస్తకంలో ఇరవై పేర్లు ఉన్నాయి. చెప్పాక అరగంటలో అరవై అయ్యాయి. ఆ అంకె కూడా ఆమె వదలకుండా అంచున రాసుకుంది. ఎంత కంగారులోనూ ఆమె చేతిలో పెన్ను ఆగలేదు.

పదకొండు దాటాక సెకండు షిఫ్టు వాళ్ళు రావడం మొదలైంది. వాళ్ళతోపాటు యూనియన్ నాయకుడు ఎల్లేశం వచ్చాడు. తనకు తెలియకుండా కాలనీలో లైను కట్టడమే ఆయనకు పెద్ద అవమానం. తెలియదని ఒప్పుకుంటే అంతకంటే పెద్ద అవమానం. అందుకని వస్తూనే గోడెక్కాడు.

"మూడేండ్ల సంది గీ కిటికీ ఎందుకు మూసి ఉన్నదని నేను అడుగుతున్న. ముందుగాల కిటికీ తెరువాలె. ఏమిస్తరో తర్వాత మాట్లాడుదాం. మా హక్కు మాకియ్యాలె."

"ఇయ్యాలె, ఇయ్యాలె," అన్నారు అందరూ. ఆ నినాదంలో ఏమివ్వాలో లేదు కాబట్టి కలిసి అరవడానికి ఎవరికీ అడ్డు రాలేదు. కిటికీ తెరిచేదాకా డ్యూటీకి పోయేది లేదని ఎల్లేశం ప్రకటించాడు.  పన్నెండు గంటల బస్సు ఆ గుంపు పక్కనుంచే హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

పన్నెండున్నరకు సంక్షేమ అధికారి సత్తిబాబు జీపు దిగాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఈ ఏరియాకు బదిలీ అయి రెండు నెలలు కూడా కాలేదు. ఇంతమంది దేనికొచ్చారో ఆయనకు అంతుపట్టలేదు. కార్మికులను అడిగితే, కొత్త ఆఫీసరుకు ఏమీ తెలియదంటారు. పక్కకు వెళ్ళి పై అధికారికి ఫోను చేశాడు. "సార్, కమ్యూనిటీ హాలు కిటికీ దగ్గర చాలా పెద్ద లైనండీ" అన్నాడు.  అవతలి నుంచి, "మీరింకా తెరవలేదా?" అని గట్టిగా వినిపించింది. సత్తిబాబు వెంటనే తాళంచెవి తెప్పించాడు.

కిటికీ తెరుచుకునేసరికి చప్పట్లు మోగాయి. లోపల బూజు, విరిగిన కుర్చీ, ఒక బల్ల. సత్తిబాబు రుమాలుతో బల్ల తుడుచుకుని హుందాగా కూర్చున్నాడు.

"లిస్టు ఏదమ్మా?" అన్నాడు.

జమున నోరు తెరిచేలోపే ఎవరో నోటుపుస్తకం లాక్కున్నారు. అది తలల మీదుగా చేతులు మారుతూ కిటికీలోంచి లోపలికి పోయింది. నూట నలభై మూడు పేర్లు. సత్తిబాబు ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఇల్లు ఉరుస్తుంది, నల్లా రాదు, గ్యాసు లేదు, యూనిఫాం బట్ట. ఇంత పద్ధతిగా రాసిన వినతిపత్రం ఆయన సర్వీసులో చూడలేదు. అట్ట మీద ముద్ర కొట్టి, నంబరు వేసి, "పదిహేను రోజుల్లో ఒక్కొక్కటీ పరిశీలిస్తాం," అన్నాడు. పేరు రాయించుకున్న తృప్తితో జనం చెప్పులు తొడుక్కుని ఇళ్ళకు మళ్ళారు. ఎల్లేశం విజయం ప్రకటించాడు. సెకండు షిఫ్టు వేళకే బయల్దేరింది.

జమున కిటికీ ఊచలు పట్టుకుంది. "సార్, అది నా పరీక్ష పుస్తకం. నాకియ్యాలె."

"నూట నలభై మూడు కుటుంబాల విజ్ఞాపన ఇది. పరీక్ష పుస్తకం అంటారేంటమ్మా? రిజిస్టరులో ఎక్కిపోయింది. ఇవ్వడం కుదరదు."

"ఇయ్యకపోతే నేను ఈడికెల్లి కదల. మీరు కిటికీ మూసినా సరే, ఊచలు పట్టుకోని నిలవడ్త. నా ఎనక మళ్ళ ఎవరన్న వచ్చి నిలవడితే నాకు సంబంధం లేదు."

సత్తిబాబు ఆ మాటలోని ప్రమాదాన్ని సరిగ్గానే గ్రహించాడు. "ఇక్కడే కూర్చుని నకలు రాసుకోండమ్మా. నేను ప్రతి పేజీకీ ముద్ర వేసిస్తాను," అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి బల్ల మూల కూర్చుని, ఆయనిచ్చిన ఖాళీ పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం లేదు, నీళ్ళు కూడా లేవు. మొదటి పేజీ రాస్తుంటే నవ్వొచ్చింది. మూడో పేజీకి ఆ నవ్వు పోయి సిగ్గేసింది. తను చెప్పులు పెట్టింది ఇరవై మందిని లెక్కపెట్టడానికి. పోశవ్వ చెప్పులు పెట్టింది రెండు వానాకాలాలుగా మంచం మీద గిన్నెలు పెట్టుకుని పడుకుంటున్నందుకు. పక్క వీధిలోనే ఉంటూ ఆ సంగతి తనకు ఇవాళే తెలిసింది. వేలు వాచినా వాళ్ళ పేర్లు ఒక్కటి కూడా వదిలిపెట్టకూడదని పట్టుబట్టి రాసింది. రెండున్నరకు ముగించి, ముద్రలు కొట్టించుకుని, వచ్చిన బస్సు వెంట పరుగెత్తి ఎక్కింది. సీటు దొరికాక దారి పొడుగునా కుదుపుల్లో నివేదిక పూర్తి చేసింది.

స్టడీ సెంటరుకు చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. లెక్చరరు బిక్షం సార్ ముందు ముప్పై రెండు నివేదికలు దొంతరగా ఉన్నాయి. ఆయన జమునది విప్పి చూసి కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"ఇరవై మందిల ఎంతమంది లైను కట్టిండ్రు?"

"ఇరవైకి ఇరవై సార్. తర్వాత నూట నలభై మూడు అయిండ్రు. అబద్ధమని చెప్పినంక ఇంక ఎక్కువ వచ్చిండ్రు."

"అట్ల రాదమ్మా." ఆయన దొంతరలోంచి నాలుగు నివేదికలు తీసి చూపించారు. అన్నింటిలోనూ ఇరవైకి పదకొండు. ఉపోద్ఘాతం ఒకటే, ముగింపు ఒకటే, మధ్యలో కొట్టివేసిన మాట కూడా ఒకటే. బస్టాండు పక్క కొట్టులో దొరికే గైడు అందరిదీ ఒకటేనని జమునకు చూడగానే అర్థమైంది. "ముప్పై రెండు మందికి పదకొండు వచ్చింది. నీ ఒక్కదానికే వేరే వచ్చింది. మరి తప్పు ఎవరిదైతది? పదకొండు అని దిద్దు. నేను ఇప్పుడే తీసుకుంట."

గోడ గడియారంలో ఆరు నిమిషాలు మిగిలి ఉన్నాయి. దిద్దితే డిగ్రీ, బడి, నెల తిరిగేసరికి జీతం. దిద్దడానికి ఒక్క గీత చాలు. జమున పెన్ను తీసింది.  చివరి పేజీ తెరిచి, నూట నలభై నాలుగు అని అంకె వేసి పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"దిద్ద సార్. వాళ్ళంతా నిజంగ నిలవడ్డరు. మీరిప్పుడు చెప్పిందే ఈడ రాసి సంతకం పెట్టుండ్రి. పేరు, చిరునామా, ఎందుకు పదకొండు దిక్కు నిలవడ్డరు."

బిక్షం సార్ పెన్ను అందుకున్నారు. మూడో గడిలో 'అందరికీ అదే వచ్చినందున' అని సగం రాసి ఆగిపోయారు. పైనున్న పేర్లను ఒక్కొక్కటిగా చదివారు. ముద్రలు చూశారు. దొంతర వైపు చూశారు. నివేదికను తీసుకుని దొంతర మీద పెట్టారు. అప్పటికి గడువు ఇంకా రెండు నిమిషాలుంది.

పది రోజులకు ఫలితాలు వచ్చాయి. జమున పాసైంది. నెలాఖరుకు రెండు రోజుల ముందు కాగితం హెడ్‌మాస్టరు బల్ల మీద పెట్టింది. ప్రయోగానికి ఆమెకు యాభైకి ముప్పై అయిదు మార్కులు పడ్డాయి.

మిగతా ముప్పై రెండు మందికీ ముప్పై అయిదే వేశానని, ఈమె ఒక్కదానికే ఎక్కువ వేస్తే బాగుండదని బిక్షం సార్ అన్నారట.