ఐదు తాళాల పానాపెట్టె

మా పంపుహౌసులో అహంకారాన్ని సమూలంగా నిర్మూలించినట్లు నోటీసు బోర్డులో ప్రకటన వెలువడింది. కింద పెద్దసారు సంతకం, దాని కింద ఆయన పేరు, పేరు కింద హోదా, పక్కన నిలువెత్తు ఫొటో. ‘నేను కాదు, మనం’ అన్న నినాదం మాత్రం చోటు చాలక కాస్త సన్నక్షరాల్లో పడింది.

ఇదంతా మెకానిక్ పుణ్యమే. ఊరంతా ఆయన్ని పానా బాబాయి అంటారు. పంపుకి చెవి ఆనించి దాని రోగమేమిటో చెప్పేసే మనిషి. పోయిన నెల దారిన పోయే ఒకావిడ, "నువ్వుండబట్టి నీళ్లొస్తున్నాయి బాబాయ్" అంది. బాబాయి నవ్వి ఊరుకున్నాడు. కాదనలేదు. ఆ కాదనకపోవడాన్ని పెద్దసారు కిటికీలోంచి స్వయంగా గమనించారు.

మర్నాటికల్లా పానాల పెట్టెకి ఐదు తాళాలు పడ్డాయి. పెద్దసారుతో కలిపి ఐదుగురు ఉద్యోగులు, తలా ఒక తాళంచెవి. అందరూ కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. ఇక ఫలానా రిపేరు నేనే చేశానని ఏ ఒక్కడూ చెప్పుకోలేడు. ఎంత ముందుచూపో చూడండి! పంపు కూడా మర్యాదగా మూడు వారాలు చెడిపోకుండా ఊరుకుంది.

నాలుగో వారం, సోమవారం పొద్దున్నే, మోటారుని పంపుతో కలిపే బోల్టులు వదులై, టకటకమని కొట్టుకుని, పంపు ఆగిపోయింది. రెండు తిప్పుల పని. నలుగురూ పరుగున వచ్చి నాలుగు తాళాలు తీశారు. జట్టుస్ఫూర్తి ఎనభై శాతం పూర్తయింది. ఐదో తాళంచెవి పెద్దసారు జేబులో ఉంది. పెద్దసారు పక్క ఊళ్లో ‘కలిసి పనిచేయడం ఎలా?’ అన్న విషయంపై మూడు రోజుల ఉపన్యాసంలో ఉన్నారు.

బాబాయి ఫోన్ చేశాడు.

"సార్, ఆ తాళంచెవి ఎవరిచేతనైనా పంపించండి సార్."

"అంటే, నా తాళంచెవి చాలు, నేను అక్కర్లేదంటావ్. నేను జట్టులో లేనట్టేగా?"

"అయ్యో, అది కాదు సార్, ఊళ్లో చుక్క నీళ్లు లేక..."

"ఊరు కాస్త ఆగుతుందయ్యా! బుధవారం వస్తా, అందరం కలిసి తెరుద్దాం. ఫొటోగ్రాఫర్‌కి చెప్పి ఉంచు."

ఆ ఫోన్ పెట్టేశాడో లేదో, ఇంటినుంచి బాబాయి భార్య ఫోన్.

"ఏవండీ, కుళాయి రావట్లేదు. పిల్ల పురిటికొచ్చి పన్నెండు రోజుల బిడ్డతో ఉందాయె. పసిదాని గుడ్డలన్నీ అలాగే పడున్నాయి."

"బుధవారం దాకా ఓర్చుకోవే. ఐక్యత కోసం."

"మీ ఐక్యత బిందెలోకి పడుతుందేమో చెప్పండి, పట్టుకుంటా."

తాళం పగలగొడదామా అని స్టోర్‌కీపర్ గొణిగాడు. తాళం పగలగొడితే ఐక్యతను పగలగొట్టినట్టేనని గుమాస్తా రూల్సు పుస్తకం చూపించాడు. బాబాయి గంటసేపు పెట్టె వంక, బోల్టుల వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, రోడ్డు దాటి, సైకిల్ షాపతన్ని పానా అడిగి తెచ్చుకుని, రెండు తిప్పులు తిప్పాడు. ఊరి కుళాయిలన్నీ ఒక్కసారి దగ్గి, తుమ్మి, నీళ్లు వదిలాయి.

బుధవారం వచ్చీ రాగానే పెద్దసారు విచారణ జరిపారు. అరగంటలో సత్యం తేలింది. పంపు నడవడం జట్టు సమష్టి విజయం. పెట్టె తెరవకుండా నడిపించడం మెకానిక్ వ్యక్తిగత నేరం. కాబట్టి విజయానికి ఆ సాయంత్రమే సన్మానసభ, నేరానికి శిక్ష. బాబాయి నెలరోజులపాటు పంపు మీద చెయ్యి వేయకూడదు. సాక్ష్యంగా దొరికిన పానాని పెట్టెలో పెట్టి, ఐదు తాళాలూ వేశారు.

సైకిల్ షాపతను గేటు దగ్గర పట్టుకున్నాడు. "బాబాయ్, నా పానా ఏది? సోమవారం నుంచీ షాపు మూసుక్కూర్చున్నా."

"ఐదుగురం కలిసినప్పుడు ఇస్తాంలే."

సభ పంపుహౌసు ఆవరణలోనే. జనం బాగా వచ్చారు. సోమవారం వచ్చిన నీళ్లతో స్నానాలు చేసి, ఆ నీళ్లతో ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. పెద్దసారు మైకు అందుకున్నారు.

"అహం అనేది తుప్పు! దాన్ని నేను ఒక్కణ్ణే, ఒంటిచేత్తో వదలగొట్టాను!"

చప్పట్లు. శిక్ష సంగతి చదివి వినిపిస్తే ఇంకా గట్టిగా చప్పట్లు. ‘నువ్వుండబట్టి’ అన్న ఆవిడ ముందు వరసలో లేచి నిలబడి మరీ కొట్టింది.

వెనక వరసలో బాబాయి చెవి నిక్కబొడుచుకుంది. గోడ అవతల పంపు సన్నగా, టక్... టక్. అరువు తెచ్చిన పానా, ఒక సైజు పెద్దది. ఎంత బిగించినా మూడో రోజుకి బోల్టు వదులవుతుంది. ఇప్పుడు ఒక్క తిప్పు చాలు. ఆయన సగం లేచాడు. పక్కనున్న గుమాస్తా భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"ఒక్కడివే ఎక్కడికి? మళ్లీ అహంకారమా?"

బాబాయి కూర్చున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"ఉన్న బిందెలన్నీ నింపేసుకో. గిన్నెలు కూడా."

"అయ్యో, పక్కింటివాళ్లకి చెప్పనా?"

"వాళ్లెక్కడున్నారే ఇంట్లో? ఇక్కడే ఉన్నారు, చప్పట్లు కొడుతూ."