ఎడమ అద్దం తొడుగు యథాస్థితి

విశ్వంలోని పదార్థమంతా రెండు రకాలు: నమోదైనది, నమోదు కానిది. మదనపల్లెలో ముప్పయ్యారేళ్లు భౌతికశాస్త్రం బోధించినంత కాలం ఘనం, ద్రవం, వాయువు అని మూడు రకాలు చెప్పాను. ఆ పొరపాటును సరిదిద్దుకునే అవకాశం పదవీ విరమణ తర్వాత, ఒక కారు అద్దం తొడుగు రూపంలో లభించింది. నా పూర్వ విద్యార్థులు (ముఖ్యంగా అప్పట్లో సున్నా తెచ్చుకున్నవారు) ఈ సవరణను గమనించగలరు.

తొడుగు అంటే, వెనక వచ్చే బండ్లను చూపే పక్క అద్దానికి వీపున ఉండే ప్లాస్టిక్ చిప్ప. నాది పదిహేనేళ్లు నిండబోతున్న వెండి రంగు చిన్న కారు. మూడేళ్ల క్రితం పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో, పశువులు పెంచుకునే గోవిందప్ప ఇంటి ముందు దాన్ని నిలిపాను. ఆయన ఆవు ఎడమ అద్దంలో మరో ఆవును చూసి, దాని వైఖరి నచ్చక, కొమ్ముతో సమాధానం చెప్పింది. పుంగనూరు జాతి ఆవు ముఖమూ చిన్న కారు అద్దమూ నేల నుంచి దాదాపు ఒకే ఎత్తులో ఉండడం వల్ల ఈ సంభాషణ సాధ్యమైంది. అద్దానికి ఏమీ కాలేదు. కొమ్ము జారి తొడుగు మీద మూడు గీతలు గీసింది. మూడేళ్లపాటు ఆ గీతల వల్ల ప్రభుత్వానికి గానీ, ప్రకృతికి గానీ ఎలాంటి నష్టమూ వాటిల్లలేదు.

గోవిందప్ప కూతురు శాలిని నా చివరి తరగతి విద్యార్థిని. పశువైద్యంలో డిప్లొమా చేసి, కుప్పం చుట్టుపక్కల పల్లెలకు టీకాల ఐసు పెట్టెతో తిరిగే సంచార సహాయకురాలి ఉద్యోగానికి ఎంపికైంది. షరతు ఒక్కటే. ఆ నెల ముప్పయ్యో తేదీలోగా ఆమె పేరున, చెల్లుబాటయ్యే కాగితాలతో నాలుగు చక్రాల బండి ఉండాలి. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. నన్నిక స్టీరింగు ముందు కూర్చోవద్దని కంటి డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. కారు ఆమెకే ఇచ్చేశాను. రిజిస్ట్రేషన్ పునరుద్ధరించి, పేరు మార్పించడమే మిగిలింది.

గీతలు పడిన వస్తువును కానుకగా ఇవ్వడం మర్యాద కాదనిపించింది. స్ప్రే డబ్బా తెచ్చి నేనే రంగు వేయాలని నిర్ణయించుకున్నాను. చరిత్రలో చాలా విపత్తులు మర్యాద కోసం మొదలైనవే.

పనిని శాస్త్రోక్తంగా (శాస్త్రం అంటే ఇక్కడ సైన్సు మాత్రమే) చేశాను. తొడుగును ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, నాలుగు వందల నంబరు ఉప్పు కాగితంతోనూ (అంటే గరుకు కాగితం), తర్వాత ఎనిమిది వందలతోనూ, తడుపుతూ రుద్దాను. ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమరు కొట్టాను. కారు తలుపు అంచున ఉండే రంగు సంకేతాన్ని చూసి, అదే సంకేతం గల డబ్బా తెప్పించాను. రెండు నిమిషాలు కుదిపి, పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి, పది నిమిషాల విరామంతో మూడు పలుచటి పూతలు వేశాను. పైన మెరుపు కోసం రెండు పారదర్శక పూతలు. రెండో పారదర్శక పూత మీద ఒక దోమ వాలి, అక్కడే స్థిరపడింది. మిగతా ఫలితం నిర్దుష్టం.

ఆ తర్వాత నేను ఫారం నింపాను.

ఆ ఫారం మదనపల్లెలోని వాహన స్వరూప పరిరక్షణ కార్యాలయం వారిది. వారి ముద్ర పడితేనే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, పేరు మార్పు జరుగుతాయి. యాప్ ద్వారానే సమర్పించాలి. గుర్తింపు కోసం యాప్ మొదట నన్ను కళ్లు ఆర్పమంది, తర్వాత వాహనాన్నీ ఆర్పమంది. వాహనం ఇండికేటర్లు వెలిగించి ఆర్పి మొదటి ప్రయత్నంలోనే ఆమోదం పొందింది. నాకు నాలుగు ప్రయత్నాలు పట్టాయి. పదిహేడో గడిలో ఇలా అడిగారు: నమోదు నాటి నుంచి వాహన బాహ్య స్వరూపంలో మార్పు జరిగిందా? అవును, కాదు అని రెండు చదరాలు. నేను ‘అవును’ గుర్తించి, ఎడమ అద్దం తొడుగుకు యజమాని స్వయంగా రంగు వేశాడనీ, దాని వైశాల్యం వాహన బాహ్య వైశాల్యంలో సుమారు వెయ్యింట మూడు వంతులనీ రాశాను. ‘ఇతర చేర్పులు’ అన్న చోట దోమను పేర్కొన్నాను.

మూడో రోజు పిలుపు వచ్చింది. అక్కడి సూపరింటెండెంటు హరినాథ్ నా ఫారాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

“సార్, ఇది యాల రాసినారు?”

జరిగింది కాబట్టి రాశానన్నాను.

“జరిగేవి శానా జరుగుతాయి సార్. అన్నీ రాస్తారా? అదో, ఆ బెంచీ మీద ఉండే ఆయప్ప బండికి ముందర తలుపే లేదు. ‘కాదు’ అని టిక్కు కొట్టినాడు. మధ్యాన్నానికి ఇంటికి పోతాడు.”

సరిదిద్దుకునే వీలుందా అని అడిగాను. ‘కాదు’ను ‘అవును’గా మార్చుకోవడానికి ఫారం ఉందట, ‘అవును’ను ‘కాదు’గా మార్చడానికి లేదట. (అబద్ధం చెప్పినవాడికి పశ్చాత్తాపపడే సౌకర్యం ఉంది. నిజం చెప్పినవాడికి అలాంటి అవసరం వస్తుందని సాఫ్ట్‌వేరు రాసినవారు ఊహించలేదు.) ఇక చేయగలిగింది, కొత్త రంగు నమోదైన రంగుతో సరిపోలుతుందని కుప్పంలోని వర్ణ నిర్ధారణాధికారి నుంచి పత్రం తేవడం. దోమ విషయాన్ని హరినాథ్ ఉదారంగా వదిలేశాడు. అది కంపెనీ బిగించినది కాదు గనుక తన పరిధిలోకి రాదన్నాడు.

పోలిక చూడాలంటే రెండు ఉండాలి కాబట్టి కుడి తొడుగును కూడా ఊడదీసి, రెండింటినీ తువ్వాలులో చుట్టుకుని బస్సులో కుప్పం వెళ్లాను. వర్ణ నిర్ధారణాధికారి మునస్వామి పెద్ద మనసు గల మనిషి. తొడుగులను అటూ ఇటూ తిప్పాడు, నెత్తిమీది ట్యూబులైటు వైపు చూశాడు, తిరిగి నా చేతికిచ్చాడు.

“ఈ లైటు కింద ఏనుగు గూడా వెండి రంగే సామీ. రూలు ప్రకారం ఎండలో సూడాల. మా ఆఫీసులోకి ఎండ రాదు.”

బయట ఎండ ఉందని తెలియజేశాను. బయట ఆఫీసు కాదని ఆయన తెలియజేశాడు. అయితే మార్గం ఉంది. వర్ణ పోలికను అధీకృత కేంద్రానికి అప్పగించే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. మూడు పట్టణాలకూ కలిపి అధీకృత కేంద్రం ఒక్కటే. అది పుంగనూరు బజారులో లత అనే ఆమె నడిపే మ్యాచింగ్ సెంటరు, అంటే చీరకు రవిక గుడ్డ వెతికి ఇచ్చే అంగడి.

నేను నవ్వలేదు. నవ్వకపోవడానికి కారణం అక్కడికి వెళ్లాక అర్థమైంది. ఆ అంగడి గోడ నిండా మూడు వందల రంగుల గుడ్డల చుట్టలున్నాయి. ఒక్క ఆకుపచ్చే నలభై రకాలు. లత రెండు తొడుగులనూ తీసుకుని, అరుగు దిగి నడివీధిలోకి పోయి, ఎండకు ఎత్తి, మెడ వంచి చూసింది. ఒక ఆటో ఆగింది. డ్రైవరు కూడా చూశాడు. ఆ నెలంతా నాకు ఎదురైన వ్యవస్థలో పరిశీలన అనదగినది జరిగింది ఆ ఒక్క చోటే.

“సూడప్పా, నీడలో రెండూ ఒకటే,” అంది. “ఎండలో ఇది అక్క, అది సెల్లెలు. కవలలు గాదు. నువ్వేసిన రంగులో తప్పు లేదు. పాతది పదైదేండ్లు ఎండకి తిరిగి వెలిసిపోయింది. పెండ్లినాటి సీరకి ఇప్పుడు రవిక తెస్తే ఇంతే గదా.”

ఆ వాక్యాన్నే తన బిల్లు పుస్తకంలో రాసి, సంతకం చేసి ఇచ్చింది. నాకు ఆనందం కలిగింది. హేతువు నా పక్షాన ఉంది. దాన్ని పట్టుకుని మళ్లీ కుప్పం వెళ్లి, మునస్వామికి విశదీకరించాను: తలుపు మీది సంకేతం ప్రకారం నమోదైన రంగులో ఉన్నది ఎడమ తొడుగు ఒక్కటే, మారినది తొడుగు కాదు, మిగిలిన కారు.

మునస్వామి కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, నన్ను గౌరవంగా చూశాడు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదన్నాడు. నా వాదనను పూర్తిగా అంగీకరించి, ఎడమ అద్దం తొడుగు మినహా మొత్తం వాహనానికి అనుమతి లేని రంగు మార్పు జరిగినట్లు ధ్రువపత్రం ఇచ్చాడు. మార్పునకు కారకుడు అన్న గడిలో ‘సూర్యుడు’ అని రాసి, చిరునామా గడిని ఖాళీగా వదిలాడు. ఖాళీ గడులున్న పత్రం చెల్లదన్న సంగతి తర్వాత హరినాథ్ చెప్పాడు.

అప్పటికి ఇరవై నాలుగో తేదీ. శాలిని రోజూ ఫోను చేసి, నా ఆరోగ్యం గురించి మాత్రమే అడిగేది. ఆ రోజు మాత్రం గోవిందప్ప చేశాడు. జాబితాలో తర్వాతి పేరు గల అబ్బాయి జీపు కొని, ఇంటి ముందర నిలబెట్టుకుని, దారిన పోయేవాళ్లకు చూపిస్తున్నాడట. గోవిందప్ప నన్ను నిందించలేదు. “మీరు రాసింది నిజమే సార్,” అని ఊరుకున్నాడు. నిందించి ఉంటే బాగుండేది.

హరినాథ్ దగ్గరికి వెళ్లి, ఇది ఒక అమ్మాయి బతుకుతెరువని చెప్పాను. అతను తలుపు దగ్గరికి వేసి, నిబంధనల పుస్తకం తీశాడు. (చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే పని ఎప్పుడో అయిపోయేది.) పద్నాలుగో నిబంధన, రెండో వివరణ: ‘గీత దైవాధీనం, పూత యజమాని అధీనం. గీత మార్పుగా పరిగణింపబడదు.’ దైవాధీనం అన్న మాట మీద నాకు సిద్ధాంతపరమైన అభ్యంతరం ఉందన్నాను. అభ్యంతరాలు ప్రతి మొదటి శనివారం స్వీకరిస్తారన్నాడు.

“మీరు రిపేరు చేసినారు గాబట్టి మార్పు అయింది సార్. సెడగొట్టింటే ఏమీ లేదు. పాత గీతలు యాడుండినాయో ఆడ మళ్లీ తెప్పించండి. ఇరవై ఎనిమిదో తేదీ తనిఖీ పెడతా. యథాస్థితి అని రాసేస్తా.”

“నేను ఉప్పు కాగితంతో గీకితే?”

“అది మళ్లా మీరు చేసిన మార్పు అవుతుంది. ఆవు గీసిందని గదా చెప్పినారు? ఆవుతోనే గీయించండి.”

ఇరవై ఆరో తేదీ ఉదయం, తొడుగులు మళ్లీ బిగించి శాలిని నడిపి తెచ్చిన కారు గోవిందప్ప ఇంటి ముందు, ఆనాటి చోటే, ఆనాటి కోణంలోనే నిలబడింది. ఆవు అదే. దాన్ని అద్దం ముందుకు తెచ్చాం. అద్దంలో చూసుకుంది, పక్కకు తిరిగి నెమరు వేసింది. గంటన్నర గడిచింది. ప్రయోగం విఫలమవుతున్నప్పుడు ప్రయోగశాలలో వినిపించే నిశ్శబ్దం నాకు పరిచయమే.

“దానికి ఇప్పుడు బుద్దొచ్చింది సార్,” అన్నాడు గోవిందప్ప, కొంత గర్వంగానే. “మూడేండ్లయింది గదా. రెండు ఈతలు ఈనింది.”

శాలిని లోపలికి పోయి, తవుడులో బెల్లం కలిపి తెచ్చి, తొడుగుకూ తలుపుకూ మధ్య సందులో మెత్తింది. ఆవు వచ్చి నాకడం మొదలుపెట్టింది. సందు లోపలిదాకా నాలుక అందక మెడ తిప్పింది. కొమ్ము తొడుగు మీద బరబరా గీసుకుంది. నా మూడు రంగు పూతలూ రెండు పారదర్శక పూతలూ లేచిపోయి నల్లటి ప్లాస్టిక్ బయటపడింది. దోమ కూడా పోయింది.

“సాలునా సార్?” అని అడిగింది శాలిని.

ఇరవై ఎనిమిదిన హరినాథ్ వచ్చి, తొడుగు మీద వేలు పెట్టి రాసి చూసి, “ఇప్పుడు బాగుండాది,” అన్నాడు. ‘వాహనం యథాస్థితిలో ఉన్నది’ అన్న ముద్ర పడింది. మర్నాడు పేరు మారింది. ముప్పయ్యో తేదీ ఉదయం పది గంటల పది నిమిషాలకు శాలిని కుప్పంలో ఉద్యోగంలో చేరింది. జీపు కొన్న అబ్బాయి దాన్ని టమోటా పెట్టెలకు తిప్పుకుంటున్నాడని విన్నాను.

రెండు వారాల తర్వాత ఆమె ఫోను చేసింది. పనిలో పెట్టుకున్నవారు బండ్లను తనిఖీ చేసి, ఆమె బండి మీద ఒకే ఒక్క లోపం రాశారట: ‘ఎడమ అద్దం తొడుగుకు రంగు లేదు. వారంలో సరిచేయించనిచో ఒప్పందం రద్దగును.’

“మీ దగ్గర డబ్బాలో రంగు మిగిలుండాది గదా సార్, నేనే కొట్టుకుంటా. అది కష్టం గాదు. కొట్టినాక ఆ ఆఫీసులో మళ్లీ రాయాల్నా?”

నేను డబ్బా తీసి, చెవి దగ్గర కుదిపి చూశాను. ఆమె నా ఆరోగ్యం గురించి అడిగింది.

“రాయొద్దమ్మా,” అన్నాను.

ఆ సలహానే తర్వాత మరో పదకొండు మంది వాహన యజమానులకు వేర్వేరు పరిస్థితుల్లో ఇచ్చి చూశాను. ప్రతిసారీ ఒకే ఫలితం వచ్చింది: ఏమీ జరగలేదు. ముప్పయ్యారేళ్ల నా బోధనలో ఇంత కచ్చితంగా రుజువైన సూత్రం మరొకటి లేదు.